అభిషిక్తుణ్ణి లెక్కలు అడిగితే

జూన్ 15, ఆదివారం

ఇవాళ వేదిక మీద పాస్టర్ గారి ప్లాస్టిక్ కుర్చీ తీసేసి ఎర్ర సోఫా వేశారు. బయటి నుంచి ప్రసంగీకుడు వచ్చాడు. శాలువా, గజమాల, డ్రోన్ కెమెరా. వాక్యం పావుగంట చెప్పి, మిగతా గంటన్నరా విత్తన కానుక గురించే చెప్పాడు. దేవుడి దగ్గర విత్తితే నూరంతలు వస్తాయట. మార్కు పదో అధ్యాయం చదివించాడు. ఆ ముప్పయ్యో వచనంలో నూరంతల పక్కనే హింసల మాట కూడా ఉంది. చదివిన కుర్రాడు చదివాడు. ప్రసంగీకుడు మాత్రం దాన్ని దాటేసి నూరంతల దగ్గరే నిలబడ్డాడు. యేసు ఆ మాట చెప్పింది వలలూ పడవలూ వదిలేసి వచ్చిన పేతురుతో. ఇంకాస్త రాబట్టుకుందామని వచ్చినవాడితో కాదు.

ఎదురింటి ఆవిడ చెవి దిద్దులు తీసి కానుకల సంచిలో వేసింది. సీజన్‌లో పొగాకు గ్రేడింగ్‌కి పోతుంది, మిగతా రోజుల్లో ఏ పని దొరికితే ఆ పని. భర్త లేడు. కొడుక్కి ఉద్యోగం రావాలని ఆమె ఆరాటం.

జూన్ 17

సాయంత్రం ఎదురింటి ఆవిడ ప్రార్థన నూనె సీసా తెచ్చి చూపించింది. బొటనవేలంత సీసా, రూ. 150. లేబుల్ మీద ప్రసంగీకుడి ఫొటో, ఫోను నంబరు. మూత తీస్తే మామూలు కొబ్బరినూనె వాసన, పైన కాస్త సెంటు.

"అమ్మాయ్, యాకోబు పత్రికలో నూనె సంగతి ఉంది గానీ, అక్కడ పెద్దలే రోగి ఇంటికొచ్చి రాసి ప్రార్థన చేస్తారు. డబ్బు మాట ఉందా?" అన్నాను.

"ఊరుకోండి మాస్టారూ. దైవజనుడి మీద మాట్లాడితే శాపం తగులుద్ది."

ఈవిడ అమాయకురాలు కాదు. కూరగాయల బండివాడు తక్కెడ ఎత్తితే ముల్లు నిలిచేదాకా కదలనివ్వదు. మేస్త్రీ కూలిలో పది రూపాయలు తగ్గిస్తే వీధి వీధంతా వినపడేలా అడుగుతుంది. చర్చి గుమ్మం దాటాక ఆ నోరు పెగలదు. అక్కడ అడగడమే పాపమని ఆమెకు ఎవరో నేర్పారు. విశ్వాసులు ఆశపడి దారి తప్పుతారని బయటివాళ్లు అంటారు. నాకు మాత్రం ఆశ కన్నా ఈ భయమే ఎక్కువ కనిపిస్తోంది.

జూన్ 22, ఆదివారం

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పోయినవారం ఎంత వచ్చింది, ప్రసంగీకుడికి ఎంత ఇచ్చారు అని యూత్ కుర్రాడొకడు అడిగాడు. మర్యాదగానే అడిగాడు. సంఘ పెద్ద ఒకాయన లేచి, అభిషిక్తుల్ని ముట్టకూడదని దావీదుకే తెలిసింది, నీకు తెలియదా అన్నాడు. కుర్రాడు కూర్చున్నాడు.

ఇంటికొచ్చి బైబిలు తీశాను. ఆ మాట ఉన్నది 105వ కీర్తనలో. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు సొంత నేల లేకుండా దేశాలు పట్టుకు తిరుగుతున్నప్పుడు, వాళ్లకు హాని చేయొద్దని దేవుడు రాజుల్ని గద్దించిన సందర్భం అది. గద్దింపు అధికారం ఉన్నవాడికి, రక్షణ దిక్కులేనివాడికి. మా దగ్గర సోఫాలో కూర్చున్నవాడికి రక్షణ, దిద్దులు తీసిచ్చిన మనిషికి గద్దింపు.

ఇక దావీదు సంగతి. ఏన్గెదీ గుహలో సౌలు మీద చెయ్యి వేయలేదు, నిజమే. మొదటి సమూయేలు 24లో ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చదవాలి. గుహలోంచి బయటికొచ్చి, కోసిన చెంగు ముక్క చేత్తో పట్టుకుని, సౌలుకీ వెంట ఉన్నవాళ్లకీ వినపడేలా కేకేసి నిలదీశాడు. చెయ్యెత్తకపోవడం వేరు, నోరెత్తకపోవడం వేరు.

పౌలునైతే ఎవరూ లెక్కలు అడగలేదు. యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసేటప్పుడు తనంతట తానే తీతుతోపాటు సంఘాలు ఏర్పరచిన మనిషిని పెట్టుకున్నాడు. తన మీద మాట పడకూడదని అలా చేశానని రెండో కొరింథీ 8లో రాశాడు కూడా. అంతటివాడికి లేని మినహాయింపు మా ప్రసంగీకుడికెక్కడిది?

జూన్ 29

మనసు బాగాలేదు. తప్పంతా బయటి నుంచి వచ్చినవాడిదే అనుకుంటే హాయిగా ఉంటుంది గానీ అది నిజం కాదు. లెక్కల మీద విరుచుకుపడ్డ ఆ పెద్దాయనే ఇవాళ మనవరాలికి సంబంధం చూడమన్నాడు. బాప్తిస్మం, ప్రార్థనా జీవితం, గవర్నమెంటు ఉద్యోగం అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించి కులం చెప్పాడు. అది లేకపోతే మిగతావేవీ అక్కర్లేదట. కట్నం అనరు, "పెళ్లికి కానుక" అంటారు. దీనికి ఏ ప్రసంగీకుడూ రానక్కర్లేదు.

జూలై 3

మా ప్రాంతపు బాప్తిస్టులకు ఇది గుర్తుండాల్సిన రోజు. 1878లో ఈ రోజే వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకె మా పిల్లలందరికీ వచ్చు. దాని ముందు కథ ఎవరూ చెప్పరు.

1876లో కరువు మొదలైంది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. ఎక్కువమంది మాదిగలు. పనిచేస్తూ వాక్యం విన్నారు, బాప్తిస్మం ఇమ్మన్నారు. ఆయన ఇవ్వలేదు. కూటికోసం కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆపేశాడు. ఆ సాయం ముగిశాకే ఇచ్చారు.

ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరేసి వంతులవారీగా. క్లౌ నీళ్లలోకి దిగలేదు. ఇవాళైతే అంత పెద్ద పనికి ఫ్లెక్సీ ఎంత ఉండేదో, అందులో ఎవరి ముఖం ఉండేదో ఊహించుకోవచ్చు.

వచ్చినవాళ్లంతా నిష్కల్మషంగా వచ్చారని నేనూ అనను. పాలేరుతనం, వెట్టి, ఊరిబయట బతుకు వదిలించుకోవాలన్న కోరిక కూడా వాళ్లలో ఉండే ఉంటుంది. అది తప్పెలా అవుతుంది? నేను చూసేది బోధకుడి వైపు. ఎదుటివాడి అవసరం చేతికి చిక్కినప్పుడు క్లౌ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మా ప్రసంగీకుడు సంచి ముందుకు చాపాడు.

జూలై 9, బుధవారం

గృహకూడిక మా ఇంట్లో. పాస్టర్ గారు ద్వితీయోపదేశకాండం 14 చదువుదామన్నారు. ఆయన మెతక మనిషి, కమిటీకి జంకుతాడు. ఈ అధ్యాయం ఎంచుకోవడం ఆయన పద్ధతిలో తెగింపే. దశమభాగం అనగానే అందరూ మలాకీ మూడో అధ్యాయానికి పోతారు. ఇక్కడేమో ఆ దశమభాగాన్ని ఇంటిల్లిపాదీ దేవుని సన్నిధిలో కూర్చుని తినమని ఉంది. మూడో ఏడు మాత్రం ఊళ్లోనే ఉంచి లేవీయుడికి, పరదేశికి, తండ్రిలేని పిల్లలకు, విధవరాళ్లకు కడుపునిండా పెట్టమని ఉంది.

ఎదురింటి ఆవిడ చాపమీద వెనక కూర్చుంది. ఆమెకు చదువు కొద్దిగానే వచ్చు. బైబిలు పక్కామె ముందుకు జరిపి, ఆ వచనం మళ్లీ చదివించుకుంది. ఇంకోసారి చదవమంది. తర్వాత పాస్టర్ గారిని కాదు, ట్రెజరర్‌ని అడిగింది.

"అయ్యా, మన సంఘంలో విధవరాళ్లం పద్నాలుగు మందిమి ఉన్నాం. ఆ మూడో ఏటిది ఎప్పుడన్నా తీశారా?"

ఆయన పుస్తకం చూసి చెప్తానన్నాడు. పుస్తకం వచ్చే బుధవారం కూడికకే తెమ్మని యూత్ కుర్రాడు అన్నాడు. ఈసారి కూర్చోమని అతన్ని ఎవరూ అనలేదు.