కొలత ఎవరి చేతిలో ఉంది?

జూలైలో ఒకరోజు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు లెక్కల పీరియడ్‌లో నిద్రపోయాడు. "ఏంరా, ఒళ్లొంగదా?" అని గద్దించాం. వాడు లేచి తల దించుకుని నిలబడ్డాడు. మామిడి సీజన్ కదా, రాత్రంతా మండీలో వాళ్ల నాయనతో కలిసి లారీలకు కాయలు ఎత్తి వచ్చాడని తర్వాత తెలిసింది. ఆ మాట మా నోట ఎలా వచ్చిందా అని రోజంతా బాధపడ్డాం. అది మా మాట కాదు. "యానాదోళ్లకు ఒళ్లొంగదు" అని మా అమ్మానాయనలను ఊరు అన్న మాట.

మా కాలనీ శ్రీకాళహస్తికి దగ్గర్లో ఉంది. మా అమ్మ చెనక్కాయ చేలల్లో రెండు రకాల కూలి చేసేది. చెట్టు పీకడం రోజుకూలి. ఎక్కువ పీకినా తక్కువ పీకినా చేతికొచ్చేది ఒకటే. అందుకే రైతు గట్టు మీద నిలబడి అరుస్తూనే ఉండేవాడు. కాయలు తెంపడం డబ్బాల లెక్క. పన్నెండు డబ్బాలు తెంపితే ఒక డబ్బా మాది. ఆ పనికి ఎవరూ అరవనక్కర లేదు. అమ్మ నీళ్లు తాగడానికి కూడా లేచేది కాదు. మేము బడి మాని చెట్లు అందించేవాళ్లం. పొద్దుపోయాక కొలత. రైతు రాశికి పోసేటప్పుడు డబ్బా మీద కాయలు గోపురంలా నిలబడేవి. మాకు పోసేటప్పుడు అరచేత్తో అంచు సమానంగా తుడిచేసేవారు. పని మాదే, డబ్బా ఒకటే, కొలిచే చెయ్యి మాత్రం మాది కాదు.

నాయన పనికి అసలు కొలతే లేదు. అక్క పెళ్లికి అడ్వాన్సు తీసుకుని దామలచెరువు వైపు ఒక మామిడి తోటలో కాపలాకు చేరాడు. కాపలా అన్నారు గానీ నీళ్లు కట్టడం, పాదులు తవ్వడం, కంప కొట్టడం అన్నీ ఆయనే చేసేవాడు. ఏడాది చివర లెక్క చూస్తే బాకీ పెరిగేది గానీ తగ్గేది కాదు. రెండు చెట్లకు పాదు చేసినా ఇరవై చెట్లకు చేసినా కాగితంలో అంకె మారదు. అలాంటి చోట ఎవరికి ఒళ్లొంగుతుంది? వెట్టిచాకిరీని రద్దు చేసిన చట్టం 1976లోనే వచ్చింది. కనీస వేతనం కంటే తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని 1982లో, ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో, సుప్రీంకోర్టు చెప్పింది. మా నాయన తోటలో ఉన్నది ఆ తర్వాతే. ఆయనకు ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

మేము కూడా తాత్కాలిక కూలీలుగా బతికినవాళ్లమే. ట్రైనింగ్ పూర్తయి ఉద్యోగం రాకముందు విద్యా వాలంటీరుగా చేశాం. గౌరవ వేతనం మూడు నెలలు ఆగినప్పుడు సెలవు రోజుల్లో కూలికి పోయాం. సోమవారం క్లాసులో కళ్లు మూతలు పడేవి. "మీవాళ్లకు శ్రద్ధ తక్కువ" అన్నారు పెద్ద సారు.

బాగా పని చేస్తే కూలి పెంచుతాం అంటారు. కూలి సరిగా అందక తిండి తక్కువైన ఒంటికి బలం ఎక్కడిది? 1988లో అనిల్ దేవ్‌లాలికర్ అనే ఆర్థికవేత్త దక్షిణ భారత పల్లెల లెక్కలతో ఒక పరిశోధన ప్రచురించారు. ఆ రోజు తిన్న తిండి కంటే, మనిషికి ఎత్తుకు తగిన బరువు ఉండటమే కూలి మీద, పొలంలో వచ్చే ఫలితం మీద ఎక్కువ ప్రభావం చూపుతుందని తేల్చారు. అంటే పని రోజు పెట్టే ఒక్క పూట సద్దితో బలం రాదు. ఏళ్ల తరబడి ఇల్లు సరిగా తింటేనే వస్తుంది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన రాయలసీమలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే రేటు. 2024-25లో మన రాష్ట్రానికి రోజుకు 300 రూపాయలు. అయితే ఆ 300 పార పట్టుకుని వచ్చినందుకు కాదు, తవ్విన మట్టి కొలతకు. ఆ వేసవిలో ఊరి గ్రూపుకు చెరువు మట్టి వచ్చింది, మా కాలనీ గ్రూపుకు గుట్ట కింద రాతినేల వచ్చింది. రెండింటినీ మెత్తని మట్టిగానే రాశారు. మావాళ్లకు 300 దరిదాపుల్లోకి కూడా రాలేదు. మళ్లీ అదే మాట, ఒళ్లొంగదని.

ఈసారి మా బడిలో చదివి ఇంటర్ పాసైన అమ్మాయి ఆ గ్రూపులో ఉంది. నేల రకాన్ని బట్టి రేటు మారుతుందని ఆమెకు తెలుసు. కొలతకు వచ్చినాయన టేపు ఒక కొస పట్టుకుంటే, రెండో కొస తను పట్టుకుంది. గుంటలోంచి తీసిన రాళ్లు గట్టున పేర్చి చూపించింది. "ఇది గట్టి నేల సార్, అట్లే రాయండి" అంది. మరుసటి వారం నుంచి అట్లే రాశారు. కూలి పెరిగింది. చేసినవాళ్లు వాళ్లే, పారలు అవే.

తోటి టీచర్లకు ఒక మనవి. ఘనపరిమాణం పాఠం నల్లబల్ల మీద ఆపకండి. పిల్లలను గుంట దగ్గరకు తీసుకుపోండి. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు, అర మీటరు లోతు ఉంటే ఒక ఘనపు మీటరు అని వాళ్ల చేతులతోనే కొలిపించండి. పనికి పోయే యువకులారా, అడ్వాన్సు చేతిలో పడకముందే మూడు సంగతులు అడగండి. కూలి ఎంత? దేన్ని కొలిచి ఇస్తారు? ఏ రోజు ఇస్తారు? ఆ జవాబులు ఒక కాగితం మీద రాసుకోండి.

ఆ పిల్లవాడి నాయనను కలిశాం. చదువుకునే పిల్లవాడిని రాత్రి పనికి తీసుకుపోవద్దన్నాం. "ఇద్దరం ఎత్తితేనే అడ్వాన్సు తీరతాది సార్" అన్నాడు. ఎంత ఎత్తారో లెక్క ఉందా అని అడిగితే, మేస్త్రీ దగ్గర ఉంటుందన్నాడు. మరుసటి రోజు క్లాసులో అందరి ముందూ ఆ పిల్లవాడితో, "నిన్న మేము అన్నది తప్పు" అని చెప్పాం. ఒక నోటుబుక్కు ఇచ్చి, సీజన్ మొదలైనప్పటి నుంచి ఎన్ని రాత్రులు, ఎన్ని లారీలు అన్నది నాయనను అడిగి రాయమన్నాం. ఇప్పుడు ఆ లెక్క వాళ్లింట్లో కూడా ఉంది.