గ్లాసెడు మజ్జిగ

నా నవలలో నరసయ్య అని ఒక కౌలు రైతు. పత్తిచేలో మోనోక్రోటోఫాస్ కొడుతూ పడిపోతాడు. హీరోయిన్ పరుగెత్తుకొచ్చి, తల ఒళ్లో పెట్టుకుని గ్లాసెడు మజ్జిగ తాగిస్తుంది. అంతదాకా కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్న నరసయ్య లేచి కూర్చుంటాడు. సీరియల్‌గా వచ్చినప్పుడు ఆ వారం ఎన్ని మెప్పుల ఉత్తరాలో! ఒక్కటి మాత్రం వేరు. నర్సుగా చేసి రిటైరైన ఒకావిడ రాశారు.

"అమ్మా, మందు ఎక్కితే కంటిపాపలు పెద్దవి కావు, సూదిమొనంత అవుతాయి. స్పృహలేని మనిషికి మజ్జిగ పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీది చదివి ఎవరైనా పోస్తే?"

చేతిలో కాఫీ చల్లారిపోయింది. బి.ఏ. చదివినదాన్ని, కెమిస్ట్రీకి ఆమడ దూరం. సిగ్గేసి పుస్తకాలు తిరగేశాను.

1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ అనే ఆయన పురుగుమందు కోసం భాస్వరంతో కుస్తీపడుతుంటే టాబున్ పుట్టింది. అది మనుషుల్నే చంపేట్టుందని సైన్యం పట్టుకుపోయింది. 1944లో ఆయనే పారాథియాన్ చేశాడు. మన మోనోక్రోటోఫాస్‌దీ ఆ వంశమే. 2021లో కరోనాకని ఊరంతా వెతుక్కున్న రెమ్డెసివిర్‌లోనూ ఆ భాస్వరమేనట! ఒకే ఇంటిపేరైతే ఒకే గుణం ఉండాలని ఏముంది? మా ఆడపడుచుల్ని చూడండి.

నరం కబురు చెప్పగానే దాన్ని తుడిచేసే ఎంజైమొకటి ఒంట్లో ఉంటుంది. ఈ మందు దాని చేతులు కట్టేస్తుంది. కుళాయి తిప్పారు, కట్టేవాళ్లు లేరు. చెమట, చొంగ, కన్నీళ్లు, చివరికి ఊపిరితిత్తుల్లో కూడా నీరే. ఆస్పత్రిలో అట్రోపిన్ ఇస్తారు, ఆ నీరు ఆరేదాకా ఇస్తూనే ఉంటారు. మజ్జిగకి అయ్యే పని కాదు.

అసలు ఆ మజ్జిగ నేను కల్పించింది కాదు. నా ఎనిమిదో ఏట మా చేలో మందు కొడుతూ పడిపోయిన కూలికి మా నాయనమ్మ పోసింది. అతను బతకలేదు. నవల్లోనైనా బతికించుకున్నాను. ఈ సంగతి నర్సుగారికి రాయలేదు.

పుస్తకంగా వేసేటప్పుడు ఆ సీను మార్చాను. హీరోయిన్ తడిసిన చొక్కా విప్పించి, సబ్బుతో ఒళ్లు కడిగించి, ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరుగెడుతుంది. "మజ్జిగే బావుందండీ, ఆడవాళ్లు ఏడ్చారు" అని పబ్లిషరు గొణిగాడు.

నర్సుగారికి ఒక కాపీ పంపాను. నాలుగు రోజుల్లో కార్డు వచ్చింది. "బాగుంది. మందు డబ్బా కూడా ఆటోలో పెట్టమనండి. ఏ మందో డాక్టరుకి తెలియొద్దా?"