గుర్తు తప్పిన చక్రం

ధర్మశాస్త్రం ఒక కర్మను విచారించేటప్పుడు ఏమి చేశారన్న ప్రశ్నతో ఆగదు. ఏ దేశంలో, ఏ కాలంలో చేశారని కూడా అడుగుతుంది. సంకల్పం చెప్పుకొనేటప్పుడు సంవత్సర, అయన, ఋతు, మాస, పక్ష, తిథి, వారాలను పేరుపేరునా ఉచ్చరించటం అందుకే. ద్రవ్యం శుద్ధమై, మంత్రం స్ఫుటమై, కర్త శ్రద్ధావంతుడై ఉన్నా కాలం తప్పితే కర్మ వికలమౌతుంది. ఈ సూక్ష్మాన్ని గ్రంథాలలో చదివినవారు అనేకులు. చేతివేళ్లతో తడిమి తెలుసుకొన్నవారు మరికొందరు. వారు లారీలు బాగుచేసే మేస్త్రీలు.

గోదావరికి ఇవతలి ఒడ్డున సారపాక, అవతలి ఒడ్డున భద్రాద్రి రాముని సన్నిధి. నడుమ వంతెన. సారపాకలోని కాగితపు కర్మాగారానికి జామాయిల్, సుబాబుల్ దుంగలు మోసుకొచ్చే లారీలు, కొత్తగూడెం, మణుగూరు గనుల బొగ్గు లారీలు, 30వ జాతీయ రహదారి మీద చింతూరు, కుంట, జగదల్‌పూర్ దిశగా సాగే సరుకు లారీలు ఈ ప్రాంతపు నిత్యదృశ్యం. చింతూరు దాటి మారేడుమిల్లి ఘాట్ ఎక్కవలసిన లారీకి ఇంజను బలం కేవలం సౌకర్యం కాదు. బరువుతో మలుపులో ఆగిపోయిన బండి నడిపేవానికీ, వెనుక వచ్చేవారికీ ప్రాణసంకటం.

వ్యాధి ఒకచోట, లక్షణం వేరొకచోట

డీజిల్ ఇంజనులో నాలుగు క్రియలు వరుసగా జరుగుతాయి: గాలిని పీల్చుకోవటం, దానిని అదిమి వేడెక్కించటం, చిమ్మిన డీజిల్‌ను మండించి బలం పుట్టించటం, పొగను వెలికి పంపటం. ఈ నాలుగూ పూర్తయ్యేసరికి క్రాంక్ షాఫ్ట్ 2 చుట్లు తిరుగుతుంది. వాల్వులను తెరిచి మూయించే క్యామ్ షాఫ్ట్ 1 చుట్టు మాత్రమే తిరుగుతుంది. డీజిల్ పంపు కూడా అంతే. ఈ 2, 1 సంబంధాన్ని కాపాడేవి ఇంజను ముందుభాగంలో కవరు చాటున దాగిన టైమింగ్ గేర్లు. పిస్టన్ పైకొస చేరటానికి కొన్ని డిగ్రీల ముందే డీజిల్ చిమ్మబడాలి. ఆ క్షణం దాటిన తరువాత చిమ్మిన డీజిల్ కూడా మండుతుంది కాని, ఆ మంట బలంగా మారక వేడిగా మిగులుతుంది.

ఏళ్ల తరబడి తిరిగిన గేర్ల పళ్లు అరుగుతాయి. నడుమనున్న ఐడ్లర్ గేరు బుష్ కూడా అరుగుతుంది. పంటికీ పంటికీ మధ్య సందు పెరుగుతుంది. షెడ్డులో దానినే లూజు అంటారు. ఇక్కడ ఏదీ విరగలేదు, ఏదీ ఆగలేదు. ప్రతి భాగమూ తన పని తాను చేస్తూనే ఉన్నది. అయితే ఆజ్ఞ అందటం ఆలస్యమైంది. పొద్దున్నే స్టార్టు చేస్తే తెల్లపొగ, ఎత్తు ఎక్కేటప్పుడు పికప్ లేకపోవటం, ఇంజను వేడెక్కటం, డీజిల్ ఖర్చు పెరగటం — ఇవి లక్షణాలు. యజమాని నాజిళ్లు మార్పిస్తాడు, ఫిల్టర్లు మార్పిస్తాడు, రేడియేటర్ కడిగిస్తాడు, బంకులో పోసిన డీజిల్‌ను నిందిస్తాడు. లక్షణం కనబడిన ప్రతిచోటా చికిత్స జరుగుతుంది. వ్యాధి మాత్రం కవరు వెనుక క్షేమంగా ఉంటుంది.

అంతఃకరణంలోనూ ఇదే జరుగుతుంది. కోపం అనర్థహేతువని ఎరుగని సాధకుడు లేడు. అయినా పరుషవాక్యం నోరు దాటుతుంది. మరుక్షణమే వివేకం వచ్చి తల వంచుకొని నిలబడుతుంది. వివేకం లేక కాదు, అది ఒక్క క్షణం ఆలస్యంగా చేరింది. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య సందు పెరిగింది. గీత ద్వితీయాధ్యాయంలో భగవానుడు చూపిన పతనక్రమంలో బుద్ధినాశానికి ముందు స్మృతిభ్రంశం ఉండటం గమనార్హం. జ్ఞానం నశించటానికి పూర్వమే, అవసరమైన క్షణంలో అది జ్ఞప్తికి రాకపోవటం మొదలౌతుంది. ఆ అరుగుదల ఒక మహాపాతకం వలన కలిగినది కాదు. ఈ ఒక్కసారికి ఫరవాలేదని వదిలివేసిన వేల చిన్న ఉపేక్షల ఫలం అది.

పంపు జరపటమనే ప్రలోభం

ఈ స్థితిలో ఒక సులభోపాయం ఉన్నది. డీజిల్ పంపు బోల్టులు వదులుచేసి, దానిని కాస్త తిప్పి, చిమ్మే కాలాన్ని ముందుకు జరపవచ్చు. పొగ తగ్గుతుంది, పికప్ వచ్చినట్లుంటుంది. అరగంట పని. కిస్తీ కట్టవలసిన తేదీ దగ్గరపడిన యజమాని అడిగేది ఇదే: “మేస్త్రీ, పంపు కొంచెం జరిపి పంపించరాదా? లోడు ఎదురుచూస్తున్నది.”

ఆ మాటలో దైన్యం ఉన్నది, అబద్ధం లేదు. బండి 2 రోజులు నిలిచిపోతే కూలీ పోతుంది, వరుసలో స్థానం పోతుంది. కాని ఉత్తముడైన మేస్త్రీకి తెలిసిన విషయం వేరు. జరిపినది పంపును మాత్రమే. వాల్వులు పాత ఆలస్యంతోనే తెరుచుకొంటాయి. పళ్ల మధ్య సందు అలాగే ఉండి, ప్రతి కుదుపుకూ పన్నుకు పన్ను కొట్టుకొంటుంది. ఒకనాడు పన్ను విరిగి గేరు తప్పుకొంటే పిస్టన్ పోయి తెరిచి ఉన్న వాల్వును ఢీకొంటుంది. అప్పుడు ఇంజనే పోతుంది. అది షెడ్డు ముందు కాక ఘాట్ మలుపులో జరగవచ్చు. “జరపవచ్చయ్యా, పొగ తగ్గుతుంది. బండి మాత్రం బాగుపడదు. తరువాత మీ ఇష్టం” అని చెప్పగలగటం ఆ మేస్త్రీకి సత్యవ్రతం. ఆ మాట వలన బేరం మరో షెడ్డుకు పోవచ్చునని తెలిసి కూడా చెప్పటంలోనే దాని విలువ ఉన్నది.

సాధకుని ఎదుటా ఇదే ప్రలోభం నిలుస్తుంది. లోపల సందు పెరిగినప్పుడు జపసంఖ్య పెంచటం, వ్రతాలు కూర్చుకోవటం, తీర్థయాత్రకు బయలుదేరటం సులభం. అవి దోషాలు కావు, పుణ్యాలే. అయితే అరుగుదలను కప్పిపుచ్చటానికి వాటిని వాడితే పైకి పొగ తగ్గుతుంది, లోపల పళ్లు కొట్టుకొంటూనే ఉంటాయి.

గుర్తును చేరే విధానం

పరీక్ష గుర్తుతో మొదలౌతుంది. ఫ్లైవీల్ మీదనో పుల్లీ మీదనో ఉన్న గుర్తును బట్టి మొదటి పిస్టన్‌ను పైకొసకు తెస్తారు. ఇక్కడే ఒక మోసం పొంచి ఉన్నది. 2 చుట్లలో పిస్టన్ 2 సార్లు పైకొసకు వస్తుంది: ఒకసారి గాలిని అదిమినప్పుడు, మరొకసారి పొగను నెట్టినప్పుడు. గుర్తు రెండుసార్లూ ఒకేచోట నిలుస్తుంది. స్థానం ఒకటే, స్థితి వేరు. తేడా తెలియాలంటే వాల్వులను చూడాలి. అదిమిన స్థితిలో మొదటి సిలిండరు వాల్వులు రెండూ మూసుకొని ఉంటాయి. 6 సిలిండర్ల ఇంజనులో ఆరవ దాని వాల్వులు ఒకటి మూసుకొంటూ, ఒకటి తెరుచుకొంటూ కదులుతుంటాయి.

మాండూక్య కారికలలో గౌడపాదాచార్యులు సుషుప్తిలోని మనస్సుకూ నిగృహీతమైన మనస్సుకూ భేదం చెప్పింది ఇటువంటి మోసం నుండి కాపాడటానికే. రెండూ పైకి నిశ్చలమే. ఒకటి లయించిన మనస్సు, మరొకటి మేలుకొన్న మనస్సు. ధ్యానపీఠం మీద కునికి లేచి శాంతి లభించిందనుకొనేవాడు గుర్తును మాత్రమే చూశాడు, వాల్వులను చూడలేదు.

మరొక నియమం ఇంకా సూక్ష్మమైనది. ఇంజనును చేతితో తిప్పి గుర్తుకు తెచ్చేటప్పుడు అది తిరగవలసిన దిశలోనే తిప్పాలి. పొరపాటున గుర్తు దాటిపోతే, ఆ కాస్తా వెనక్కు లాగి నిలపకూడదు. అలా చేస్తే పళ్ల సందు మరోవైపుకు చేరి కొలత అబద్ధమాడుతుంది. చాలా దూరం వెనక్కు పోయి, మళ్లీ సరైన దిశలో నెమ్మదిగా రావాలి. ప్రాయశ్చిత్తమంటే ఇదే. హద్దు దాటినవాడు అంచు దగ్గరే సర్దుకొంటే సరిపోదు. తొందర మొదలైన చోటి దాకా తిరిగిపోయి అక్కడినుండి మళ్లీ నడవాలి.

ఆ తరువాత కవరు విప్పి, డయల్ గేజి ఆనించి, ఒక గేరును కదలకుండా పట్టి రెండవదానిని అటూ ఇటూ ఆడించి సందును కొలుస్తారు. ఆ కొలత మిల్లీమీటరులో నూరవ వంతులలో ఉంటుంది. తయారీదారు చెప్పిన పరిమితి దాటితే గేరు మార్చవలసిందే. ఇక్కడ అభిప్రాయానికి తావు లేదు.

జతగా మార్పు

అరిగిన గేరుతో కొత్త గేరును జత కలిపితే పాతదాని వంకర కొత్తదానిని తినివేస్తుంది. అందుకే తెలిసిన మేస్త్రీలు గేర్లను సెట్టుగా మారుస్తారు, ఐడ్లర్ బుష్‌ను కూడా వదలరు. గుర్తులు కలిపి బిగించిన తరువాత చేతితోనే 2 నిండు చుట్లు తిప్పి చూస్తారు. ఎక్కడైనా అడ్డు తగిలితే బలం వాడరు, ఆగుతారు. ఈ సమయంలో కొత్తగా పని నేర్చుకొనే కుర్రవాడు బెదరటం సహజం: క్రాంక్, క్యామ్ యథాస్థానానికి వచ్చినా ఐడ్లర్ మీది గుర్తులు కలవకపోవచ్చు. దాని పళ్ల సంఖ్య వేరైనందువలన అవి ఎన్నో చుట్ల తరువాతగాని మళ్లీ కలవవు. అది దోషం కాదు. నడుమనున్నది ఎక్కడున్నా, అటూ ఇటూ ఉన్నవాటి సంబంధం చెడకపోవటమే ప్రధానం.

2020 ఏప్రిల్ నుండి దేశమంతటా అమలైన బీఎస్-6 ఇంజనులలో క్రాంక్, క్యామ్ సెన్సార్లు ఈ సంబంధాన్ని ఎడతెగక గమనిస్తుంటాయి. పొంతన తప్పితే తెర మీద కోడ్ చూపుతాయి. అది చూసి సెన్సారునే మార్చివేసేవారు ఉన్నారు. సాక్షిని మార్చినంత మాత్రాన సంగతి మారదు.

ఇంతకూ గేర్లు త్వరగా అరగటానికి ముఖ్యకారణాలలో ఒకటి మురికిపట్టిన ఇంజను ఆయిల్. గేర్లు మార్చి పాత ఆయిలే ఉంచినవాడు రోగాన్ని మళ్లీ పిలిచినట్లే. ఛాందోగ్యం సప్తమాధ్యాయం ఆహారశుద్ధి వలన సత్త్వశుద్ధినీ, దాని వలన స్థిరమైన స్మృతినీ చెప్పింది. చెవి వినేది, కన్ను చూసేది కూడా ఆహారమేనని శంకరభగవత్పాదుల భాష్యం. వివేకం సకాలంలో అందాలంటే లోపల ప్రవహించేది నిర్మలంగా ఉండాలి.

కాలగణనలోని మరమ్మతు

12 చాంద్రమాసాల సంవత్సరం సుమారు 354 రోజులు. సౌరసంవత్సరం 365 రోజులకు కాస్త అధికం. ఏటా దాదాపు 11 రోజుల ఎడం. దానిని వదిలివేస్తే చైత్రం వసంతాన్ని విడిచి శిశిరంలోకీ, హేమంతంలోకీ జారిపోతుంది. పూర్వులు ఈ ఎడాన్ని దాచలేదు, కొలిచారు. సుమారు 32, 33 మాసాలకు ఒక అధికమాసాన్ని చేర్చి సరిచేశారు. భద్రాద్రిలో చైత్ర శుద్ధ నవమినాటి మధ్యాహ్నం సీతారాముల కల్యాణం నేటికీ వసంతంలోనే జరుగుతున్నదంటే ఆ మరమ్మతు ఎన్నడూ ఆగనందువల్లనే.

ఎడం పడటం చంద్రసూర్యుల గమనంలోనే ఉన్నప్పుడు మానవచిత్తంలో పడటం వింత కాదు, అవమానమూ కాదు. కొలవకుండా వదిలివేయటమే ప్రమాదం. కనుక సాధకుడు రోజుకొకసారి, రాత్రి శయనానికి ముందు, ఒక్క సంగతి పరీక్షించుకొనుగాక: నేడు వివేకం మాటకు ముందు వచ్చినదా, తరువాత వచ్చినదా? తరువాత వచ్చినట్లయితే ఎంత తరువాత? ఆ ఎడం దినదినం తగ్గుతున్నదంటే సాధన సవ్యదిశలో సాగుతున్నదని గ్రహించవచ్చు.

స్వస్తి.