గానుగ పేటలో కుర్చీ బతుకు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పాత రైల్వే పట్నం. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకి కేంద్రం. అక్కడి తెలిపారా అంటే నూనె తీసే తేలీల పేట. ఆ సందుల్లో అద్దెకుంటున్న ఓ తెలుగు టీచరమ్మ గానుగెద్దు తనకంటే నయమంటుంది. అది నడుస్తుంది కదా! ఆమె తాత బెంగాల్ నాగపూర్ రైల్వేలో గ్యాంగ్‌మన్. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచినవాడు. మనవరాలు స్కూటీ మీద బడికెళ్లి, కుర్చీలో కూర్చుని, ఇంటికొచ్చి మళ్లీ కాపీల ముందు కూర్చుంటుంది.

మొన్న యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుతుండగా ఆమెకు ఓ సంగతి తట్టింది. ముందు బల్లల పిల్లలు బాగానే రాశారు. వెనక బల్లల వాళ్లందరిదీ ఒకటే తప్పు. భిన్నాల కూడికలో హారాలను కూడేశారు. ఆ పాఠం చెప్పింది భోజనాల తర్వాతి పీరియడ్‌లో, నడుం పట్టేసి, కుర్చీలోంచే. లేచి వెనక్కి వెళ్లి ఉంటే ఆ తప్పు అప్పుడే కంటపడేది.

లండన్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగే కండక్టర్లకు గుండెజబ్బులు తక్కువని జెర్రీ మారిస్ బృందం 1953లోనే తేల్చింది. పది లక్షల మందికి పైగా వివరాలు పరిశీలించిన 2016 నాటి లాన్సెట్ విశ్లేషణ ప్రకారం, ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవారికి దానివల్ల పెరిగే మరణ ముప్పు తప్పాలంటే రోజుకు 60 నుంచి 75 నిమిషాల చురుకైన నడక కావాలి. గుండెకు మేలు చేసేది పాఠానికీ మేలు చేస్తుందా? ఆ రుజువు అంత గట్టిది కాదు. పైగా రోజంతా నిలబడటమూ వ్యాయామం కాదు. కాళ్ల నరాలు ఉబ్బాకే ఆమె కుర్చీ తెప్పించుకుంది.

టీచరుకు వారానికి 45 గంటల పని, ప్రిపరేషన్‌తో కలిపి, అంటుంది 2009 నాటి విద్యాహక్కు చట్టం. 2020లో కరోనాతో పాఠం ఫోన్‌లోకి వచ్చింది. బళ్లు తెరిచాక కూడా ఆమె ఫోన్‌లో వర్క్‌షీట్లు ఆగలేదు. సాయంత్రం వాకింగ్‌కి వెళ్లొచ్చుగా అంటాడు భర్త. వంట సంగతి మాత్రం ఎత్తడు.

ఈ వారం ఆమె కుర్చీని బోర్డు దగ్గర్నుంచి చివరి బల్ల పక్కకు జరిపించింది. బోర్డు మీద రాయాలంటే గది పొడవునా నడవాల్సిందే. కుర్చీ అక్కడెందుకని ప్రిన్సిపాల్ అడిగారు. ఆమె ఇంకా జవాబు చెప్పలేదు.