హిట్ అని మనమే చెప్పాలి



నెల కింద నా స్టేటస్‌లో ఒక ఫోటో పెట్టాను. చేతిలో నల్లటి మెషిన్ గన్, ముఖానికి మాస్కు, వెనక వెదురు పొద. గంటలోపల పదకొండు ఫోన్లు వచ్చినయి. మా వియ్యంకుడు "బావగారూ, అంతా క్షేమమేనా?" అని అడిగారు. మన పెద్దాయన ఒకరు "నీ వయసేంది, నీ ఏషమేంది?" అని తిట్టారు. తిట్టడం సబబే. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను. కొంచెం పొడుగుంటది, ఓపిక పట్టండి. చివర్లో మన సంఘానికి నేను చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది. అది చదవకుండా పోవద్దు.

మా అబ్బాయి టోక్యోలో ఉద్యోగం చేయబట్టి నాలుగేళ్లయింది. నిషి కసాయ్ అనే చోట ఉంటాడు. అక్కడ మనదేశం వాళ్లు చాలామంది ఉంటారు, పప్పులూ మసాలాలూ అన్నీ దొరుకుతయి. నవంబర్‌లో నేనూ మా ఇంటామె మూడు వారాలకని పోయినం. పోయిన మొదటి ఆదివారమే వాడు "నాయినా, నాకొకటి కొనేదుంది, నువ్వు గూడ రా" అని అకిహబరాకు తీసుకపోయిండు. ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరున్న బజారు గదా, ఏ కంప్యూటరో అనుకున్నాను. ఒక బిల్డింగులో పై అంతస్తు ఎక్కినాక చూస్తే గోడ నిండా తుపాకులు.

నా కాళ్లు అక్కడే ఆగిపోయినయి. వాడు నవ్వి "బొమ్మలు నాయినా" అన్నాడు. బొమ్మలంటే నమ్మేటట్టు లేవు. వాడు చూపించిన దాన్ని నేను టీవీలో చూసిన్నే. 2008లో ముంబైలో తాజ్ హోటల్ మీద దాడి అయినప్పుడు మన ఎన్‌ఎస్‌జీ కమాండోల చేతుల్లో ఉన్న ఎంపీ5. అసలుది జర్మనీలో హెక్లర్ అండ్ కోక్ కంపెనీది, 1960లలో తయారైంది. అది కాల్చేది 9 మిల్లీమీటర్ల తూటా. ఈ నకలు టోక్యో మరూయ్ కంపెనీది. ఇది కాల్చేది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు, 0.2 గ్రాముల బరువు. ఈ ఆటను ఎయిర్‌సాఫ్ట్ అంటారు. పుట్టింది జపాన్‌లోనే. బ్యాటరీతో నడిచే తుపాకిని ఈ కంపెనీ 1991లో మొదట తెచ్చింది.

ఆ దేశంలో మామూలు మనిషికి పిస్తోలు ఉండకూడదు. అందుకే బొమ్మ తుపాకి మీద అంత మోజు అని మావాడు చెప్పిండు. బొమ్మకు కూడా చట్టం ఉంది. 2006లో చట్టం మార్చి గుండు బలానికి హద్దు పెట్టారు. 6 మిల్లీమీటర్ల గుండుకు అది 0.98 జౌల్. దాటితే అది బొమ్మ కాదు, నేరం. మాకు అమ్మిన పిల్లవాడు ముందు మావాడి వయసు చూసుకున్నాడు, 18 నిండాలని. ధర యాభై వేల యెన్లు దాటింది. మన లెక్కకు ముప్పై వేల దగ్గర. సాంచా మీద పనిచేసే మనిషికి అది రెండు నెలల కూలి. ఆ మాట నోటిదాకా వచ్చింది గాని అనలేదు. వాని కష్టార్జితం వానిది.

ఇంటికి తెచ్చినాక ఇంటామె దాన్ని ముట్టలేదు. "దేవుని ఫోటో ముంగట పెట్టకురా" అని మాత్రం అన్నది. నాకేమో లోపల ఏముందో చూడాలని ఆత్రం. నలభై ఏళ్లు సాంచాల నడుమ బతికినోడిని, మా నాయిన జాబర్, నేనూ జాబర్ పనితోనే మొదలుపెట్టినోడిని. మిషను చూస్తే చెయ్యి ఊరుకోదు. కొత్తదాన్ని విప్పితే ఊకోనని వాడు చెప్పి, స్నేహితునిది పాత గేర్‌బాక్స్ ఒకటి తెచ్చి నా ముంగట పెట్టిండు.

విప్పి చూసి నవ్వుకున్నాను. అది మన సాంచా తమ్ముడే. చిన్న మోటరు, మూడు గేర్లు. చివరి గేరుకు పళ్లు సగం చుట్టే ఉంటయి. పళ్లున్నంత సేపు అది పిస్టన్‌ను వెనక్కి గుంజి స్ప్రింగును నొక్కుతది. పళ్లు అయిపోంగనే పిస్టన్ వదిలేస్తది. స్ప్రింగు దాన్ని ముందుకు కొడితే సిలిండర్‌లో గాలి ఒత్తుకొని గుండును తోస్తది. మన దగ్గర క్యామ్ తిరిగి పికింగ్ కర్రను కొడితే నాడె ఎగిరిపోతదే, అదే లెక్క. కాకపోతే మన పాత సాంచా నిమిషానికి నూరు నూటిరవై సార్లు నాడెను కొడితే, ఇది సెకనుకు పదమూడు పద్నాలుగు గుండ్లు కొడతది. "దీన్ని చేసినోడు మగ్గం చూసినోడేరా" అన్నాను. నాలుగేళ్ల తర్వాత మేమిద్దరం ఒక మిషను మీద వంగి మాట్లాడుకోవడం అదే మొదలు. ఫోన్లో మా మాటలు "తిన్నవా, పన్నవా" దాటేవి కావు.

శనివారం చిబా జిల్లాలో ఒక మైదానానికి పోయినం. రైల్లో తుపాకిని సంచిలో పెట్టి జిప్ వేయాలి, ఎవరికీ కనపడకూడదు. మైదానం అంటే చెట్లు, వెదుర్లు, నడుమ పాత డ్రమ్ములూ చెక్క గోడలూ. మనుషులు ఓ అరవై మంది. కాలేజీ పిల్లలు, ఆఫీసు ఉద్యోగులు, నాకంటే పెద్దవాళ్లు కూడా ఇద్దరు ముగ్గురు.

మొదట ప్రతి తుపాకినీ వేగం కొలిచే మిషను ముందు పెట్టి కాల్పించారు. మాది సెకనుకు 90 మీటర్లు చూపింది. లెక్క కడితే 0.81 జౌల్. దానికి గుర్తుగా ఒక చీటీ అంటించారు. ఆటస్థలంలో కండ్లద్దాలు ఒక్క క్షణం కూడా తీయకూడదు. బయటికి వచ్చేటప్పుడు మ్యాగజైన్ తీసి, లోపల మిగిలిన గుండును కింద కాల్చేసి, సేఫ్టీ పెట్టి రావాలి. ఒక పిల్లవాడు మరచిపోతే అక్కడి మనిషి మెల్లగా పిలిచి మళ్లీ చేయించాడు. అరుపులు లేవు.

తర్వాత గురి సరిచూసుకునే చోట మా పరీక్ష. ఇందులో హాప్ అని ఒకటుంటది. గొట్టం పైభాగాన చిన్న రబ్బరు గుండును తాకి వెనక్కి తిప్పుతది. టేబుల్ టెన్నిస్‌లో చాప్ కొడితే బంతి తేలుతదే, అట్లా. ఆ రబ్బరు లేకుండా మొదట కాల్చితే గుండు 20 మీటర్లకే వాలింది. ఎక్కువ తిప్పితే ముందుకు పోయి ఆకాశానికి లేచింది. వాడు ఒక్కో పన్ను తిప్పుకుంటూ, నేను గుండు పోయే తోవ చూసి "ఇంకొంచెం, ఇంకొంచెం, ఆగు" అనుకుంటూ కుదిర్చినం. 30 మీటర్ల దూరంలో అన్నం పళ్లెమంత ఇనుప రేకు. పదిట్లో ఎనిమిది టింగుమన్నయి. 40 మీటర్లకు పోతే ఐదే, అదీ గాలి లేనప్పుడు.

మంచి ఏందంటే, కాల్చినప్పుడు లోపల ఒక బరువు కదిలి భుజానికి చిన్న దెబ్బ తగులుతది, మనిషికి నమ్మకం కుదురుతది. గుండ్లు అయిపోతే అదే ఆగిపోతది, ఉత్తగా తిరగదు. చెడ్డ ఏందంటే, మ్యాగజైన్‌లో 72 గుండ్లే. ఆటోలో పెడితే ఐదారు సెకన్లలో ఖాళీ. మాస్కు ఉంటే చెంప తుపాకికి ఆనదు, గురి దొరకదు. నా కండ్లద్దాల మీద ఆవిరి పట్టి సగం ఆట మసకలోనే ఆడాను.

ఇక ఆట. రెండు జట్లు, చేతులకు రంగు పట్టీలు. గుండు తగిలినోడు చెయ్యి ఎత్తి "హిట్టో!" అని గట్టిగా అరిచి బయటికి నడవాలి. బట్టకు తగిలినా, తుపాకికి తగిలినా లెక్కే. ఇక్కడ అంపైర్ లేడు. రంగు అంటదు, మచ్చ పడదు. తగిలిందని తెలిసేది తగిలినోనికే. కొట్టినోడు "నీకు తగిలింది" అని ఎదుటివాణ్ని నిలదీయకూడదట. చెప్పకుండా ఆడేవాణ్ని జాంబీ అంటారట, అంటే చచ్చి కూడా తిరిగేవాడని.

రెండో ఆటలో నేను ఒక డ్రమ్ము వెనక కూర్చున్నాను. మోకాళ్లు నొస్తున్నయి. ఎడమ చేతి మీద, జాకెట్ పైన, టప్పుమని చిన్నగా తాకింది. ఆకు కావచ్చు అనుకున్నాను. కాదు, ఆకు అనుకోవాలని అనుకున్నాను. అంత దూరం వచ్చి, అప్పుడే కూర్చొని, ఒక్క గుండు కాల్చకుండ లేచి పోవడమా అనిపించింది. ఎవరూ చూడలేదు. అట్లనే కూర్చున్నాను. ఒక నిమిషానికి ఎదుటి చెట్టు వెనక నుంచి ఒక మనిషి వచ్చాడు. కాల్చాను. రెండో గుండుకే తగిలింది. ఆయన వెంటనే చెయ్యి ఎత్తి "హిట్టో!" అన్నాడు. అరవై దాటిన మనిషి. పోతూ పోతూ నాకేసి తల వంచి, బాగా కొట్టినవన్నట్టు బొటనవేలు చూపిండు.

ఆ బొటనవేలు నాకు గుండులెక్క తగిలింది. ఆయన్ను కొట్టిన మనిషి అప్పటికే చచ్చిపోయినోడు.

మధ్యాహ్నం భోజనం అక్కడే. అన్నం, కూర, తియ్యగా చప్పగా. ఇంటామె కట్టిచ్చిన మన శేంగా చట్నీ చల్లుకొని తిన్నం. తింటుంటే కొడుకుతో చెప్పేసిన. "రెండో ఆటల నాకు తగిలిందిరా. చెప్పలే." వాడు తినడం ఆపలేదు. "మొదటిసారి అందరికీ అట్లనే అయితది నాయినా. రెండోసారి గూడ చెప్పకపోతేనే జాంబీ" అన్నాడు. తర్వాత ఇంకో మాట అన్నాడు. "నేను గూడ చెప్పలే, మొదటిసారి." వాడు తన తప్పు నాకు చెప్పడం బడిరోజుల తర్వాత అదే మొదలు.

మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు చెయ్యి ఎత్తాను. అందులో ఒకటి నిజంగా ఆకే కావచ్చు. అరుస్తుంటే గొంతు తేలికైంది.

తుపాకి అక్కడే ఉంది. ఇక్కడికి తెమ్మని మన పిల్లలు కొందరు మెసేజ్ పెట్టారు. తేను. మన ఆయుధాల చట్టం వేరు, విమానాశ్రయంలో అది బొమ్మ అని నిరూపించుకునే తిప్పలు వేరు. ఇట్లాంటి నకలుతో వీధిలో వీడియోలు తీయొద్దు. దూరం నుంచి చూసే పోలీసుకు, చిన్నపిల్లకు అది అసలుదే. నేను పెట్టిన ఫోటో కూడా తప్పే, తీసేసిన.

ఇప్పుడు సంఘం మాట.

పోయిన జూలైలో మన గుణవంత విద్యార్థుల సత్కారం అయింది. పదో తరగతిలో 94 శాతం తెచ్చుకున్న ఒక అమ్మాయి పేరు పిలవలేదు. వాళ్లమ్మ బీడీలు చేస్తది. ఆ రోజు పని మానుకొని బిడ్డను తీసుకొని వచ్చింది. ఇద్దరూ ఆఖరు దాకా కూర్చొని పోయారు. పేరు ఎందుకు లేదని సభలో గొడవైతే, లిస్టు టైపు చేసిన పిల్లవాడి మీద పడింది. అందరం వాణ్ని అన్నం. నేనూ "జర చూసి చేయాలె గదా బేటా" అన్నాను. వాడు ఏమీ అనలేదు. అప్పటి నుంచి మీటింగుకు రాలేదు. నారళీ పున్నం మార్కండేయ రథోత్సవానికి ప్రతిసారి ముందుండేవాడు, ఈసారి అక్కడా కనపడలేదు.

ఆ అమ్మాయి అర్జీ వాడి దాకా పోనే లేదు. వాళ్లమ్మ నా చేతికే ఇచ్చింది. సత్కారం అయిన నాలుగో రోజు అది నా స్కూటర్ డిక్కీలో, పాత బిల్లుల కింద దొరికింది. ఎవరూ చూడలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు చెప్పి ఏం లాభం, అయిపోయింది గదా అనుకున్నాను. నాలుగు నెలలు అట్లనే తిరిగాను.

తప్పు నాది. టైపు చేసిన పిల్లవాడిది కాదు.

ఊరికి వచ్చినాక ఆ అమ్మాయి ఇంటికి పోయి జరిగింది చెప్పి, జ్ఞాపికా బహుమతి పైకమూ నా చేతితో ఇచ్చి వచ్చిన. వాళ్లమ్మ చాయ్ పోసింది, ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ పిల్లవాడికి రెండుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలేదు. ఇంటికి పోతే డ్యూటీకి పోయిండన్నారు. మళ్లీ పోత.

బేటా, ఇది నువ్వు చదివితే, ఆదివారం మీటింగుకు రా. సభలో అందరి ముంగట నిన్ను అన్నం. అందరి ముంగటనే నేను చెయ్యి ఎత్తుత. నువ్వు రాకున్నా ఎత్తుత.