లువెల్లిన్ పార్కులో చెట్లు ఎలా మిగిలాయి

న్యూజెర్సీలోని ఎడిసన్ పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఓక్ ట్రీ రోడ్డులో కూరలు, పచారీ సామాన్లు కొనకుండా మాకు వారం గడవదు. మెన్లో పార్క్ ప్రయోగశాల ఆ ఊళ్లో ఉండేది కాబట్టి 1954లో ఊరికి థామస్ ఎడిసన్ పేరు పెట్టుకున్నారు. కానీ ఆయన నలభై అయిదేళ్లు కాపురం ఉన్న ఇల్లు, కన్నుమూసిన గది, సమాధి అక్కడ లేవు. అవి ఉత్తరాన వెస్ట్ ఆరెంజ్‌లో, లువెల్లిన్ పార్క్ అనే అడవి లాంటి కాలనీలో ఉన్నాయి. ఇండియా నుంచి చుట్టాలొస్తే అక్కడికి తీసుకెళ్తాను. మొదట్లో ఎడిసన్ ఇల్లు చూపించడానికే వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఆ ఇంటి చుట్టూ ఉన్న చెట్ల కథే ఎక్కువగా చెబుతుంటాను.

ఆ కథ కీళ్ల నొప్పులతో మొదలైంది. లువెల్లిన్ హాస్కెల్ న్యూయార్కులో మందుల వ్యాపారి. పసాయిక్ నది పక్కన చిత్తడి నేలలో ఉన్న ఇల్లు ఒంటికి పడక, ఎత్తైన చోటు వెతుక్కుంటూ 1853లో వాచుంగ్ కొండ వాలున భూమి కొన్నాడు. ఆరెంజ్‌కు అప్పటికే రైలు ఉంది. న్యూయార్కులో పని చూసుకుని సాయంత్రానికి కొండ మీదికి చేరవచ్చు. మిత్రుడు అలెగ్జాండర్ జాక్సన్ డేవిస్ పేరున్న ఆర్కిటెక్టు. తనలాంటి వాళ్లు చెట్ల మధ్య బతకగలిగే ఊరు కడదామని హాస్కెల్ చుట్టుపక్కల పొలాలు కొంటూ పోయాడు. 1857 నాటికి అది 350 ఎకరాలయింది.

ఆ ఏడు అతను చేసిన పనికి చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. కొన్న భూమి నడిబొడ్డున, వాగు పారే లోయలో 50 ఎకరాల అడవిని విడదీసి ట్రస్టీల పేర రాసిచ్చేశాడు. దాని పేరు ర్యాంబుల్. ఇళ్లవాళ్లందరికీ అది ఉమ్మడి ఆస్తి, దాన్ని ప్లాట్లు చేయడానికి లేదు. ఎకరానికి తక్కువ స్థలంలో ఇల్లు కట్టకూడదనీ, దుకాణం, ఫ్యాక్టరీ, కబేళా పెట్టకూడదనీ దస్తావేజుల్లో రాయించాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు ప్లాను ఖరారయింది ఆ మరుసటి ఏడాది, 1858లో.

రోడ్లు కొండ ఎలా వంగితే అలా వంగుతాయి. బండరాయి అడ్డొస్తే రోడ్డే పక్కకు తప్పుకుంటుంది. ఇంటికీ ఇంటికీ మధ్య ప్రహరీలు లేవు. మా అమ్మ కారు కిటికీ దించి చాలాసేపు చూసి, "ఎవరి స్థలం ఎంతవరకో వీళ్లకెలా తెలుస్తుందే?" అని అడిగింది. హద్దు రాళ్ల కోసం కోర్టుల చుట్టూ తిరిగిన ఇంటి మనిషి ఆమె.

తొలి తరం నివాసుల్లో డబ్బున్నవాళ్లే కాదు, పట్టుదల ఉన్నవాళ్లూ ఉన్నారు. జేమ్స్ మిల్లర్ మెకిమ్ బానిసత్వం మీద జీవితమంతా పోరాడిన మనిషి. 1849లో హెన్రీ బ్రౌన్ అనే బానిస చెక్కపెట్టెలో దాక్కుని పార్సిల్‌గా ఫిలడెల్ఫియా చేరినప్పుడు, ఆ పెట్టె తెరిచినవాళ్లలో ఆయన ఒకరు. కూతురు లూసీ సౌత్ కరొలైనా దీవుల్లో అప్పుడే విముక్తులైన నల్లవారి నోట విన్న పాటలకు స్వరాలు రాసుకుంది. 1867లో మరో ఇద్దరితో కలిసి 'స్లేవ్ సాంగ్స్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్' అనే సంకలనం తెచ్చింది. అలాంటి పాటల పుస్తకాల్లో అదే మొదటిది. లూసీ కాపురమూ ఈ చెట్ల కిందే. ముప్ఫై నాలుగేళ్లకే, 1877లో పోయింది. ఎడిసన్ కోసం వచ్చేవాళ్లలో ఆమె పేరు తెలిసినవాళ్లు నాకింతవరకు తగల్లేదు. అందుకే ప్రతిసారీ చెబుతాను.

ఎడిసన్ 1886లో మీనాను రెండో పెళ్లి చేసుకుంటూ కొన్న ఇల్లు గ్లెన్‌మాంట్. 29 గదులు. కట్టించినవాడు హెన్రీ పెడర్. తను పనిచేసే కంపెనీ సొమ్ము కాజేశాడని తేలడంతో ఇల్లు కంపెనీ చేతికొచ్చింది. సామాన్లతో సహా ఎడిసన్ లక్షా పాతికవేల డాలర్లకు కొన్నాడు. 1891లో దాన్ని మీనా పేరుకు మార్చాడు, అప్పులవాళ్లు ఇంటి జోలికి రాకుండా. ఇది విని మా మావయ్య తల ఊపాడు. మన ఊళ్లలో వ్యాపారస్తులు చేసేదీ అదే కదా!

నాకు ఇష్టమైనది 1908 నాటి గ్యారేజీ. మొత్తం పోతపోసిన కాంక్రీటు. లోపల నేలలో గుండ్రటి తిరిగే పళ్లెం ఉంది. కారును దాని మీదికి ఎక్కించి, తిప్పి, మూతి బయటికి పెట్టేవారు. బ్యాటరీ కార్లకు చార్జింగ్ ఏర్పాటు కూడా అక్కడే. ఇంటి వెనుక గడ్డిలో ఆ దంపతుల సమాధులు, రెండు సాదా రాతిపలకలు.

ఇన్నేళ్లుగా వెళ్తున్నా నన్ను బాధపెట్టేది ఒకటుంది. రాతి గేటు దగ్గర కాపలా ఉంటుంది. పాసు తీసుకుని ఎడిసన్ ఇంటికి వెళ్లి రావాలి తప్ప ర్యాంబుల్‌లో మనం నడవడానికి లేదు. అంత మంచి అడవి కొద్దిమందికే దక్కడం నాకు న్యాయంగా తోచదు. అయినా, 1872లో హాస్కెల్ పోయిన తర్వాత కూడా ఆ చెట్లు నిలబడ్డాయంటే ఆ దస్తావేజు చలవే.

మన కోకాపేట, తెల్లాపూర్ వైపు గేటు వచ్చింది, సెక్యూరిటీ గది వచ్చింది, క్లబ్‌హౌస్ వచ్చింది. అడవి రాలేదు. కోట్ల ఏళ్ల నాటి గుట్టల్ని పేల్చి చదును చేసి, ఆపైన మొక్కలు కొని నాటుతున్నారు. లేఅవుట్ కాగితంలో పార్కని చూపించిన జాగా ఎన్నిచోట్ల పార్కుగా మిగిలిందో చూస్తూనే ఉన్నాం.

వెంచర్లు వేసే పెద్దలకు నా మనవి: మొదటి ప్లాటు అమ్మకముందే, ఉన్న చెట్లతో, రాళ్లతో, కుంటతో సహా కొంత భూమిని ఎవరూ అమ్ముకోలేని విధంగా రిజిస్టర్ చేయించండి. కొనేవాళ్లు, ముఖ్యంగా ఇక్కడి నుంచి డబ్బు పంపి కొనే మనవాళ్లు, అడ్వాన్సు ఇచ్చేముందు ఆ కాగితం చూపించమని అడగండి.