బండి కింద చూసి, ఆపైన తాళం తిప్పండి



మన సంఘంలో బండి నడిపి ఇల్లు గడుపుకొనేవారు చాలామంది ఉన్నారు. ఆటో, ట్రాక్టరు, లారీ, స్కూలు బస్సు, ఏదో ఒకటి. ఎవరు కొత్త బండి కొన్నా ముందు మందిరం దగ్గరికే తెస్తారు. తాళాలు బల్ల మీద పెడతారు. మేము బండి మీద చేతులుంచి కాపుదల కోసం ప్రార్థన చేస్తాము. ఆ తరువాతే అది రోడ్డెక్కుతుంది. ఇది మనకు ఎప్పటి నుంచో ఉన్న అలవాటు, మంచి అలవాటు.

పోయిన మిరప కోతల కాలంలో మన సహోదరుడొకరి ఆటోకు వెనక చక్రం నట్లు ఎవరో రాత్రిపూట వదులు చేశారు. స్టాండులో సీరియల్ దగ్గర అంతకు ముందు వారమంతా తగాదా నడుస్తూనే ఉంది. ఈ సహోదరుడు చిన్నప్పుడు లారీ మీద క్లీనరుగా పనిచేసినవాడు. తెల్లవారి బండి చుట్టూ ఒకసారి తిరిగి, ప్రతి నట్టును చేత్తో తడిమి చూడటం ఆనాటి నుంచి ఆయనకు అలవాటు. ఆ ఉదయం మూడు నట్లు వేళ్ళతోనే తిరిగాయి. ఇంకో పావుగంటలో కోతకు వెళ్ళే ఆడవాళ్ళు ఆ బండి ఎక్కవలసి ఉంది. కాలువ గట్టు మీదుగా దారి. ఏమి జరిగి ఉండేదో మీరే ఊహించుకోండి.

నట్లు బిగించుకోవడం ఐదు నిమిషాల పని. ఆయన ఇంట్లో పట్టుకొన్న భయం మాత్రం వారాల తరబడి వదలలేదు. తాళం తిప్పబోతే భార్య చెయ్యి పట్టుకొనేది. హైదరాబాదులో కారు నడిపే వారి అబ్బాయి, దూరంగా నిలబడి ఫోనుతోనే ఇంజను స్టార్టు చేసే కార్లు వచ్చాయని చెప్పాడు. ఆయన మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, అలాంటిదేదో మన బండికి పెట్టించుకొంటే ఈ భయం పోతుందా?" అని అడిగారు. అడిగినవారికి ఊరికే ధైర్యం చెప్పి పంపడం మాకు ఇష్టం లేకపోయింది. చదివి, మెకానిక్కులను అడిగి తెలుసుకొన్నది మీ అందరితో పంచుకొంటున్నాము. ఇది డ్రైవర్లందరికీ, వారి ఇంటివారికీ పనికివచ్చే సంగతి.

తాళం తిప్పాలంటే భయపడే రోజులు ఈ లోకంలో కొన్ని దేశాలకు నిజంగానే వచ్చాయి. 1979 మార్చి 30న లండనులో బ్రిటన్ పార్లమెంటు సభ్యుడు ఏరీ నీవ్ కారు, పార్లమెంటు భవనం కింది పార్కింగులోంచి పైకి వస్తుండగా పేలిపోయింది. కారు కింద అమర్చిన బాంబు అది. బండి వాలు మీదికి ఎక్కి కదిలినప్పుడు పేలేటట్టు పెట్టారు. ఉత్తర ఐర్లాండులో ఆ గొడవలు సాగిన ఏళ్ళలో పోలీసు ఉద్యోగులు ప్రతి ఉదయం మోకాళ్ళ మీద వంగి, లేదా పొడవాటి కర్రకు కట్టిన అద్దంతో, తమ కారు అడుగుభాగం చూసుకొని గాని ఎక్కేవారు కారు. పిల్లలను బడికి తీసుకువెళ్ళే రోజైనా, గుడికి వెళ్ళే ఆదివారమైనా అంతే.

అమెరికాలో 1976 జూన్ 2న ఫీనిక్స్ నగరంలో డాన్ బోల్స్ అనే పత్రికా విలేకరి కారు కింద పెట్టిన బాంబును దూరం నుంచి రిమోటుతో పేల్చారు. ఆయన 11 రోజులు ఆసుపత్రిలో పోరాడి కన్నుమూశారు. 1982 అక్టోబరు 4న లాస్ వేగస్‌లో జూదశాలలు నడిపిన ఫ్రాంక్ రోజెంతాల్ కారు పేలినప్పుడు, ఆ మోడలు కార్లకు డ్రైవరు సీటు కింద కంపెనీవారే వేసిన లోహపు పలక ఆయన ప్రాణం కాపాడింది. మన దేశంలోనూ 2012 ఫిబ్రవరి 13న న్యూఢిల్లీలో, మోటారు సైకిలు మీద వచ్చినవాడొకడు ఇజ్రాయేలు రాయబార కార్యాలయం కారుకు అయస్కాంతంతో అంటుకొనే బాంబు తగిలించి వెళ్ళిపోయాడు. కారులో ఉన్న స్త్రీ గాయపడ్డారు.

దూరం నుంచి ఇంజను స్టార్టు చేసే పరికరం మొదట ఇలాంటి భయం కోసమే పుట్టిందా అంటే, కాదు. అమెరికా, కెనడాల్లో మంచు కురిసే చోట కారును ముందుగా వేడి చేసుకోవడానికి జనం దాన్ని ఎక్కువగా కొనుక్కొన్నారు. కానీ ప్రాణభయం ఉన్నవాళ్ళకు కూడా అది పనికివచ్చింది. తాళం తిప్పగానే పేలేటట్టు ఇంజను వైర్లకు ఏదైనా కలిపి ఉంటే, మనిషి దూరంగా ఉండగానే ఆ సంగతి బయటపడుతుంది. దాని పని తీరు తేలికగానే ఉంటుంది. మన చేతిలోని రిమోటు గాని, ఫోను గాని పంపే సంకేతాన్ని కారులోని చిన్న పెట్టె అందుకొంటుంది. గేరు పార్కింగులో ఉందా, బానెట్ మూసి ఉందా అని ముందు అది చూసుకొంటుంది. అన్నీ సరిగా ఉంటేనే సెల్ఫ్ కొడుతుంది. తాళం లేకుండా ఎవడైనా ఎక్కి బ్రేకు తొక్కితే ఇంజను ఆగిపోతుంది. ఎవరూ రాకపోతే కొన్ని నిమిషాలకు తానే ఆగిపోతుంది.

అయితే అది ఏమి చూడలేదో కూడా తెలుసుకోవాలి. ఇంజను తిరుగుతోందంటే ఇంజను తిరుగుతోందని మాత్రమే అర్థం. ఏరీ నీవ్ కారు కింద పెట్టినది బండి కదిలితే గాని పేలదు. బోల్స్ విషయంలో రిమోటు శత్రువు చేతిలోనే ఉంది. ఇక మన సహోదరుని ఆటో సంగతి చూడండి. వదులైన నట్టు ఇంజనుకు ఏ కబురూ పంపదు. కోసిన బ్రేకు పైపు సెల్ఫ్ కొట్టినప్పుడు చప్పుడు చేయదు. దూరం నుంచి స్టార్టు చేసి, బండి బాగుందనుకొని ఎక్కితే, తెలియని ధైర్యం ఒకటి వచ్చి పడుతుంది. దానివల్ల నష్టమే ఎక్కువ.

ఇంకొక సంగతి. దూరం నుంచి బండిని చూడగలిగే దారి ఉంటే, ఆ దారి అందరికీ దారే. 2015 జూలైలో అమెరికాలో చార్లీ మిల్లర్, క్రిస్ వలాసెక్ అనే ఇద్దరు నిపుణులు, హైవే మీద పోతున్న ఒక జీప్ చెరోకీని తమ ఇంట్లో కూర్చొని ఇంటర్నెట్టు ద్వారా పట్టుకొన్నారు. నడుపుతున్న విలేకరి ఎంత తొక్కినా బండికి వేగం రాకుండా చేశారు. లోపం ఎక్కడుందో లోకానికి చూపించడానికి, ఆ విలేకరికి ముందే చెప్పి చేసిన పని అది. ఆ తరువాత ఆ కంపెనీ 14 లక్షల వాహనాలను సరిచేయడానికి వెనక్కి పిలిచింది. ఇప్పుడు ఐరోపా దేశాల్లో కొత్త కార్లకు ఇలాంటి దొంగచాటు చొరబాటు నుంచి రక్షణ ఉండాలని నియమం ఉంది. 2024 జూలై నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకూ అది వర్తిస్తోంది. కాబట్టి ఫోనుతో నడిచే కారు ఉన్న మన పిల్లలు పాస్‌వర్డు ఎవరికీ చెప్పకండి. పాత కారు అమ్మేటప్పుడు మీ ఖాతా అందులోంచి తీసివేయండి. కంపెనీ పంపే అప్‌డేట్లు వాయిదా వేయకండి.

మరి మన ఊరి ఆటోకు, ట్రాక్టరుకు ఏమిటి దారి? మెకానిక్కు చెప్పినవి చాలా మామూలు సంగతులు. చక్రం నట్టు మీదనుంచి రిమ్ము మీదికి రంగుతో ఒక గీత గీయండి. నట్టు కదిలితే గీత తెగి కనిపిస్తుంది. విదేశాల్లో లారీలకు ఇదే పని కోసం పసుపురంగు ప్లాస్టిక్ ముల్లులు పెడతారు. బండి రాత్రంతా నిలిచిన చోట నేల చూడండి, బ్రేకు ఆయిలు మరక ఉందేమో. కదిలే ముందు బ్రేకు రెండు మూడుసార్లు తొక్కండి, పెడలు మెత్తగా లోపలికి పోతుంటే బండి తీయకండి. ఎయిర్ బ్రేకులున్న లారీ అయితే గాలి ముల్లు నిండిందో లేదో చూసి, ఎక్కడైనా బుస్సుమనే చప్పుడు ఉందేమో చెవి పెట్టి వినండి. మొదటి పది గజాలు మెల్లగా పోనిచ్చి ఒకసారి ఆపి చూడండి. టైర్లలో గాలి ఎంతుందో ఫోనులో చూపించే పరికరాలు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. చేతిలో డబ్బుంటే పెట్టించుకోండి, మంచిదే. బండి నిలిపే చోట ఒక లైటు వేయించుకోండి. ఇవన్నీ కలిపి పది నిమిషాల పని.

"ప్రార్థన చేయించిన బండికి ఇంత పరీక్ష ఎందుకు? విశ్వాసం లేదా?" అని ఒక పెద్దమ్మ అడిగారు. మంచి ప్రశ్న. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో, కొత్త ఇల్లు కట్టుకొనేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవడైనా పడితే ఆ రక్తదోషం ఇంటి మీదికి రాకూడదని. దేవుడు కాపాడడా? కాపాడతాడు. అయినా పిట్టగోడ కట్టమన్నాడు. నెహెమ్యా 4వ అధ్యాయంలో శత్రువులు పన్నాగం పన్నినప్పుడు, ఆ ప్రజలు ప్రార్థన చేశారు, పగలూ రాత్రీ కావలి కూడా పెట్టారు. కావలి పెట్టినందుకు వారి ప్రార్థన తక్కువైపోలేదు. డ్రైవరు సీటులో కూర్చొన్నవాడి చేతిలో తన ప్రాణం ఒక్కటే లేదు. వెనక కూర్చొన్న కూలి తల్లుల ప్రాణాలూ, బడిపిల్లల ప్రాణాలూ ఉన్నాయి. మనకు ఆ నట్లే పిట్టగోడ.

ఇక అసలైన కష్టం. నట్లు బిగించుకొన్న తరువాత కూడా ఆ సహోదరుడు మనిషిగా మారిపోయాడు. స్టాండులో ఎవరు టీ ఇచ్చినా తాగేవాడు కాదు. పక్కవాడు నవ్వితే, "వీడేనా?" అనుకొనేవాడు. ఇద్దరి మీద అనుమానం పెట్టుకొన్నాడు. ఆ ఇద్దరిలో ఒకరు మన సంఘంలో ఉన్నవారే. ప్రభువు బల్ల దగ్గర ఆయన పక్కన కూర్చోలేక ఒక ఆదివారం ఈయన లేచి వెళ్ళిపోయాడు. మేము ఆ సాయంత్రం వారి ఇంటికి వెళ్ళి ఒక్క మాటే చెప్పాము. "రోజూ ప్రతి నట్టునూ అనుమానించు, తప్పు లేదు. రుజువు లేకుండా మనిషిని అనుమానించకు. నట్టు మీద అనుమానం పది నిమిషాల్లో తీరుతుంది. మనిషి మీద పెట్టుకొన్నది నిన్ను తినేస్తుంది." పోలీసులకు ఫిర్యాదు ఇమ్మని కూడా మేమే చెప్పాము, వెంట వెళ్ళాము. ప్రాణం తీయబోయిన పనిని ఊరి మాటగా కప్పిపెట్టడం క్షమాపణ అనిపించుకోదు.

ఉత్తర ఐర్లాండు సంగతి మళ్ళీ ఇక్కడ గుర్తుకు వస్తుంది. అద్దాలూ, పరికరాలూ ఎందరినో కాపాడి ఉంటాయి. కానీ ఆ దేశంలో ఆ గొడవలు చాలావరకు ముగిసింది, పగవాళ్ళు ఒకచోట కూర్చొని 1998 ఏప్రిల్ 10న, గుడ్ ఫ్రైడే రోజున, ఒప్పందం చేసుకొన్న తరువాతనే. అయినా పగ పూర్తిగా చావలేదు. 2011 ఏప్రిల్ 2న ఓమాలో రోనన్ కెర్ అనే పాతికేళ్ళ కాథలిక్ పోలీసు కానిస్టేబులు తన కారు కింద పెట్టిన బాంబుకు బలైపోయాడు. అతని శవపేటికను ఒకప్పుడు ఒకరినొకరు నమ్మనివాళ్ళు కలిసి మోశారు. ఒకవైపు ఐరిష్ ఆటల సంఘంవారు, ఒకవైపు పోలీసులు. ప్రొటెస్టెంటు నాయకుడు, అప్పటి ప్రథమ మంత్రి పీటర్ రాబిన్సన్ ఆ కాథలిక్ ఆరాధనలో కూర్చొన్నారు. బాంబు పెట్టినవారు ఆ రెండు గుంపులను విడదీయాలనుకొన్నారు. వాళ్ళు విడిపోలేదు.

మన స్టాండులో ఆ పని చేసినదెవరో ఈ రోజుకూ తేలలేదు. సీరియల్ తగాదా మాత్రం పెద్దలు కూర్చొని తీర్చారు. ఇప్పుడు వంతులు పలక మీద రాసి, గోడకు తగిలిస్తున్నారు. మన సహోదరుడు మళ్ళీ ప్రభువు బల్లకు వస్తున్నారు. తాళం తిప్పేటప్పుడు భార్య గడపలో నిలబడటం ఇంకా మానలేదు. మానమని మేము కూడా చెప్పలేదు.

డ్రైవర్లారా, మీతో ఒక విన్నపం. రేపటి నుంచి ముందు బండి చుట్టూ తిరిగి చూడండి, ఆ తరువాత సీటులో కూర్చొని ప్రార్థన చేయండి. అప్పుడు ఆ ప్రార్థనలో మీ పక్క స్టాండువాడి పేరు కూడా చెప్పండి. అతని బండి కూడా క్షేమంగా ఇల్లు చేరాలని అడగండి. మొదటి రోజు నోరు రాకపోవచ్చు. అయినా అడగండి.

ప్రభువు మీ రాకపోకలలో మీకు తోడైయుండును గాక. ఆమేన్.